నిద్రలో బ్రేకు తొక్కే మనిషి

అరుదైన నిద్ర జబ్బులు ఎవరికైనా స్వయంగా అనుభవమా, వాటివల్ల మనిషికీ ఇంటికీ ఏమవుతుంది అని అడిగారు. కలలో చేసే పనిని ఒళ్ళు నిజంగానే చేసేసే జబ్బు ఒకటుంది. అది నాకు కాదు, మా నాన్నకి. దెబ్బలు తిన్నది మాత్రం అమ్మ. అందుకని ఇంటి సంగతే ఎక్కువ చెప్తాను.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. గుంటూరు నుంచి మాచర్ల రూటులో చాలా ఏళ్ళు బండి తోలారు. రిటైరైన రెండు మూడేళ్ళకి కలవరింతలు మొదలయ్యాయి. "ఒరేయ్, బండి పక్కకి తియ్యరా" అని నిద్రలో అరిచేవారు. పెద్దాయన రిటైరైనా డ్యూటీ దిగలేదని చుట్టాల దగ్గర చెప్పుకుని మరీ నవ్వుకున్నాం.

ఓ సంక్రాంతికి ఇంటికి వెళ్తే అమ్మ ఎడమ కంటి కింద కమిలి నల్లగా ఉంది. బీరువా తలుపు తగిలిందంది. అమ్మకి అబద్ధం చెప్పాల్సి వస్తే ఏదో ఒక పని చేతిలోకి తీసుకుంటుంది. అప్పుడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది, తల ఎత్తలేదు. ఆ రాత్రి నేను హాల్లో పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా గదిలోంచి కేక. వెళ్ళి లైటేశాను. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నారు. కుడికాలు మంచం చివరి చెక్కని మూడు నాలుగు సార్లు బలంగా తొక్కింది. రెండు చేతులూ గాల్లో పెద్ద స్టీరింగుని ఎడమకి కోసేస్తున్నాయి. ఆ ఊపులో మోచెయ్యి వెళ్ళి పక్క దిండు మీద పడింది. అది అమ్మ దిండు. అమ్మ మాత్రం గోడవారగా చాప మీద కూర్చుని ఉంది. "దగ్గరికి పోయి ముట్టుకోకు, దూరం నుంచి పిలువు చాలు" అంది, పాలవాడికి లెక్క చెప్పినంత మామూలుగా.

"నాన్నా" అన్నాను. వెంటనే లేచారు. తికమకేమీ లేదు. "పిడుగురాళ్ళ దాటుతుంటే సున్నపు బట్టీల దగ్గర గేదెలు అడ్డమొచ్చాయిరా" అన్నారు. తర్వాత చాప మీదున్న అమ్మని చూశారు. ఏమీ అడక్కుండా మంచినీళ్ళు తాగి అటు తిరిగి పడుకున్నారు. అమ్మ కన్ను ఎందుకు కమిలిందో ఆయనకి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

తెలిసినవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టించారు. పీడకలలు పోవాలంటే దిండు కింద ఇనుప ముక్క పెట్టమన్నారు ఇంకొకరు. నిద్రలో చేతులు విసిరే మనిషికి అందుబాటులో ఇనుము! ఇవన్నీ నవ్వి ఊరుకోవచ్చు. ఒకావిడ అమ్మతో, "ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న కోపం ఇప్పుడు బయటపడుతోంది వదినా" అన్న మాట ఉంది చూడండి, దాన్ని మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నాన్న నలభయ్యేళ్ళలో అమ్మ మీద చెయ్యి ఎత్తింది లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి తరుముతున్నట్టు, మీద పడుతున్నట్టు కలలొస్తాయి, పగలు చూస్తే మెత్తటి మనుషులే. కలలో వాళ్ళు చాలావరకు తిరగబడుతున్నారే గానీ ఎవరి మీదా కత్తి దూయడం లేదు.

రిటైరయ్యాక దిగులుపడ్డారని దగ్గర్లోని ఒక డాక్టరు డిప్రెషన్ మాత్రలు రాశారు. వాటితో అరుపులు పెరిగాయి. ఆ తరహా మందుల్లో కొన్నిటికి ఈ జబ్బుని బయటపెట్టే, ముదిరించే గుణం ఉందని తర్వాత తెలిసింది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా కొత్త మందు మొదలుపెట్టాక ఇలాంటివి కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. సొంతంగా మాత్రం ఆపెయ్యకండి.

చివరికి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ప్రశ్నలన్నీ నాన్నని వదిలేసి అమ్మని అడిగారు. రాత్రి ఏ వేళప్పుడు? మంచం దిగి నడుస్తారా? లేపితే కల చెప్తారా? నిద్రలో నడిచేవాళ్ళు మొదటి జాముల్లో కళ్ళు తెరుచుకుని లేచిపోతారట, లేపితే అయోమయంగా ఉంటారట. నాన్నలాంటివాళ్ళు తెల్లవారుజామున, కళ్ళు మూసుకుని, మంచం మీదే. లేపగానే తెలివిగా మాట్లాడతారు. ఆ తర్వాత అసలు సంబంధం లేనట్టుగా, "అయ్యగారికి వాసన తెలుస్తుందా?" అన్నారు. అమ్మ నోరు తెరిచింది. "పాలు పొంగి అడుగంటి ఇల్లంతా కమురు కొడుతుంటే పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చున్నారండీ. చారులో ఇంగువ వేసినా వెయ్యలేదంటారు." డాక్టరు ఆ ఒక్క మాట కిందే గీత గీశారు.

ఆ రాత్రి తల నిండా తీగలు అంటించి, కెమెరా పెట్టి స్లీప్ స్టడీ చేశారు. విషయం ఇదీ. మనం కలలు ఎక్కువగా కనేది రెమ్ నిద్రలో. కనురెప్పల కింద కళ్ళు చకచకా కదులుతుంటాయి. అప్పుడు మెదడు కాండం దగ్గరనుంచి ఒళ్ళంతటికీ కరెంటు ఆఫ్ చేసినట్టు ఉంటుంది. కళ్ళు కదలడం, ఊపిరి ఆడటం తప్ప మిగతా కండరాలన్నీ వదులైపోతాయి. కలలో మనం పరుగెత్తినా మంచం మీద కాలు కదలకుండా ఉండేది అందుకే. ఆ స్విచ్చు పాడైతే కల ఎలా నడిస్తే ఒళ్ళు అలా నడుస్తుంది. దీన్ని రెమ్ నిద్ర ప్రవర్తన రుగ్మత అంటారు. ఫ్రాన్సులో మిషెల్ జువే అనే ఆయన 1965లో పిల్లుల మెదడులో ఆ చోటుని దెబ్బతీస్తే అవి నిద్రలోనే లేచి లేని ఎలుకని వేటాడాయి. మనుషుల్లో ఇది జబ్బేనని 1986లో అమెరికాలో మినియాపోలిస్‌కి చెందిన షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు తేల్చారు. అంతకుముందు ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు బీరువా తలుపు తగిలిందని చెప్పి ఉంటారో!

నిజానికి ఇది మనం అనుకున్నంత అరుదేమీ కాదు. యాభై, అరవై దాటినవాళ్ళలో నూటికి సుమారు ఒకరికి ఉంటుందని లెక్క. ఎక్కువగా మగవాళ్ళలో బయటపడుతుంది. గుర్తుపట్టడమే అరుదు. ఇంకొకటి, గురకపెడుతూ ఊపిరి ఆగిపోయేవాళ్ళు కూడా కొందరు ఇలాగే చేతులు విసురుతారు. వాళ్ళకి వైద్యం వేరు. పరీక్ష లేకుండా ఏదీ ఖాయం చేసుకోకూడదు.

ఇక అసలు కష్టం. వేరే కారణం కనిపించకుండా ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి తర్వాత పార్కిన్సన్స్ (చేతులు వణికి, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) గానీ, ఆ కుటుంబానికే చెందిన మరో మెదడు జబ్బు గానీ వస్తుంది. 2019లో అచ్చయిన పెద్ద పరిశీలనలో 1280 మందిని 24 కేంద్రాల్లో చూస్తే ఏటా నూటికి ఆరుగురికి పైగా అలా మారారు. పన్నెండేళ్ళకి ఆ వాటా దాదాపు 74 శాతం. వాసన తెలియకపోవడం, మలబద్ధకం కూడా ఆ దారిలో కనిపించే మైలురాళ్ళే. డాక్టరు ఇది నాకు బయట వరండాలో చెప్పారు. ఇంట్లో చెప్పాలా వద్దా? ముందే ఆపే మందు ఏమీ లేనప్పుడు చెప్పి ఏం లాభం? నేను నెలరోజులు నోరు మూసుకున్నాను. అది తప్పే అనుకుంటాను ఇప్పుడు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నాన్నే అడిగారు. "సార్, ఇంజను శబ్దం మారితే అందరికంటే ముందు డ్రైవరుకే తెలుస్తుంది. నా బండికి ఏమవుతోందో నాకే చెప్పండి." డాక్టరు చెప్పారు. నాన్న తల ఊపి, రోజూ నడవడం మంచిదంటారా అని మాత్రం అడిగారు. మంచిదన్నారు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే గంట నడక.

రాత్రులకి క్లోనజెపామ్ చిన్న మోతాదు ఇచ్చారు. తర్వాత తూలుతున్నారని మెలటోనిన్‌కి మార్చారు. అరుపులు పూర్తిగా పోలేదు, దెబ్బలు పోయాయి. మందు కంటే ముందు చేయాల్సింది గది సర్దడం. గాజు గ్లాసు, టేబుల్ ఫ్యాను, బల్ల కోణాలు మంచం దగ్గర ఉండకూడదు. పరుపు నేల మీదికి దింపాం. వేరే మంచానికి అమ్మ ఒప్పుకోలేదు. "ఈ వయసులో పక్కలు వేరైతే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. కన్ను కమిలితే ఎవరేమనుకున్నా ఫర్వాలేదు గానీ! ఆఖరికి నడుమ రెండు దూది బాలీసులు నిలువుగా పెట్టి, పరుపు పక్కనే నవారు మంచం వేసుకోవడానికి ఒప్పుకుంది.

నాలుగో ఏడు కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. ఇప్పుడు సంతకం చీమంత, నడక నెమ్మది. గొంతు ఎంత తగ్గిందంటే ఫోన్లో రెండుసార్లు అడిగితే గానీ నాకు మాట అందదు. నిద్రలో మాత్రం పాత గొంతే. అప్పటిలాగే కేక, అప్పటిలాగే కాలు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు ఈ కలల వేళ పగటికంటే చురుగ్గా కదులుతారని, గట్టిగా మాట్లాడతారని ప్యారిస్ డాక్టర్లు 2007లో రాశారు. అది చదివేదాకా నేను అమ్మ చెప్పింది నమ్మలేదు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ అంది, "రాత్రి సత్తెనపల్లి స్టాండులో ఎవరితోనో గొడవపడ్డార్రా. ప్రతి మాటా వినపడింది."