‘మార్చబడింది’ అని రాయాలా?

సందేహం: మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం బోధన్‌లోని దేవల్ మసీదు మీద చార్టు తయారుచేస్తున్నాం. ‘ఈ దేవాలయం మసీదుగా మార్చబడింది’ అని రాశాను. మా మామగారు ‘మారింది’ చాలన్నారు. తమ్ముడేమో ‘మార్చారు’ అని రాయమంటున్నాడు. ఏది మంచి తెలుగు?
– ఒక పాఠకురాలు, అంబర్‌పేట, హైదరాబాద్

సమాధానం: నా ఓటు మీ తమ్ముడికే.

‘మార్చబడింది’ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ మనం మాట్లాడే తీరు కాదు. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని గేటుకు బోర్డు తగిలించిన ఓనరు కూడా ఫోన్ చేస్తే ‘అద్దెకిస్తామండీ’ అనే అంటాడు. చేసిందెవరో తెలియకపోయినా, చెప్పనక్కర్లేకపోయినా తెలుగులో కర్తను వదిలేసి బహువచన క్రియ వాడితే సరిపోతుంది. రోడ్డు తవ్వారు, కరెంటు తీశారు అంటున్నాం కదా!

‘మారింది’ చెవికి హాయిగానే ఉంటుంది. అయితే వాతావరణం మారుతుంది, ఊరి యాస మారుతుంది. గుడి దానంతటదే మసీదైపోదు. మూర్తిని తీయాలి, మింబరు (మసీదులో ప్రసంగించే మెట్ల వేదిక) కట్టాలి. ఎవరో పూనుకుంటేనే అయ్యే పనులివి. మామగారు ఏమీ అనుకోకూడదు.

కర్తను పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్కడి పారశీక శాసనాలు రెండింటిలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుంది. ఆయన పాలన 1325-51. అంతమాత్రాన ‘తుగ్లక్ మార్చాడు’ అంటే దగ్గరుండి చేసినట్టు ధ్వనిస్తుంది. రాజుల పనులకు మనకు ప్రేరణార్థకం ఉండనే ఉంది: చార్మినార్‌ను 1591లో కులీ కుతుబ్ షా ‘కట్టించాడు’ అంటాం, ‘కట్టాడు’ అనం. ఆ లెక్కన ‘మార్పించాడు’ అనొచ్చు, కానీ అప్పుడు ఆజ్ఞ ఆయనదేనని చెప్పినట్టవుతుంది. ‘తుగ్లక్ కాలంలో మార్చారు’ అంటే ఏ పేచీ లేదు.

చార్టు శీర్షికలోనూ ‘మార్చబడిన’ అక్కర్లేదు. ‘మసీదుగా మార్చిన గుడి’ చాలు. గుడే దేన్నో మార్చిందనుకుంటారేమోనని భయం వద్దు. ‘నేను రాసిన ఉత్తరం’ అంటే ఉత్తరం నన్ను రాసిందని ఎవరూ అనుకోరు.

మొత్తం వాక్యం ఇలా రాయండి: ‘రాష్ట్రకూటుల నాటి ఇంద్రనారాయణ దేవాలయాన్ని తుగ్లక్ కాలంలో మసీదుగా మార్చారు.’ (అది మొదట జైనాలయం అనేవాళ్లూ ఉన్నారు, ఆ తగువు చార్టుకెందుకు?) ఆ కట్టడం నక్షత్రం ఆకారంలో ఉంటుంది. వాక్యం పక్కన దాని ప్లాన్ గీయమని అబ్బాయికి చెప్పండి.