ఫ్రీ జాజ్ గోలలా వినిపిస్తోందా? ముగ్గురితో మొదలుపెట్టండి

ముందే కట్టుకున్న తాళానికీ వరసకీ కట్టుబడకుండా వాయించే జాజ్‌ను ఫ్రీ జాజ్ అంటారు. చిన్న రికార్డు కంపెనీలు తెచ్చిన అలాంటి ఆల్బమ్‌లు రెండు మూడు విన్నాననీ, అంతా గోలలా ఉందనీ, కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఇది ఎక్కడ మొదలుపెడితే పట్టుబడుతుందనీ అడిగారు.

ఆల్బర్ట్ ఐలర్ 'స్పిరిచ్యువల్ యూనిటీ'తో మొదలుపెట్టండి. వాయించేది ముగ్గురే, మొత్తం నిడివి అరగంటే. ఐలర్ టెనర్ సాక్సఫోన్, గ్యారీ పీకాక్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీవాద్యం), సన్నీ మర్రే డ్రమ్స్. 1964 జులై 10న న్యూయార్క్‌లో రికార్డు చేశారు. నేను మాత్రం జర్మన్ సాక్సఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రోట్జ్‌మన్ 'మెషిన్ గన్'తో మొదలుపెట్టాను. 1968 నాటి ఆ ఆల్బమ్‌లో ఎనిమిది మంది ఒక్కసారిగా విరుచుకుపడతారు. పది నిమిషాలకే ఆపేసి, ఏడాది పాటు ఈ సంగీతం జోలికి పోలేదు. ఇప్పుడది నాకు ప్రాణం. అయినా కొత్తవాళ్లకు మొదటిరోజే దాన్ని ఇవ్వను.

నాకు దారి చూపింది పుస్తకాలు కాదు, మా తాతయ్య. మాది తిరుపతి. అమ్మవాళ్ల నాన్నగారు పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ నలభై ఏళ్లు డోలు వాయించారు. ఒక మే నెల రాత్రి కరెంటు పోతే ఇద్దరం మిద్దె మీద చాపలు వేసుకున్నాం. ఎదురుగా కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు. ఆయన నిద్రపోయారనుకుని చిన్న స్పీకరులో ఐలర్‌ను పెట్టాను. కాసేపటికి చూస్తే ఆయన కుడిచేతి వేళ్లు చాప అంచు మీద కదులుతున్నాయి. తాళం వెతుకుతున్నాయి. రెండు మూడుసార్లు ఎత్తుకుని, సమం దొరక్క ఆగిపోయాయి. విసుక్కుంటారనుకున్నాను. చాలాసేపు కదలకుండా విని, "ఇతను తాళం వేయడం లేదురా. ఊదేవాడి ఊపిరి పట్టుకుని పోతున్నాడు" అన్నారు.

సన్నీ మర్రే గురించి అంతకంటే సరైన మాట నేను ఇంతవరకు ఎక్కడా చదవలేదు. ఆయన తాళాలను, అంటే డ్రమ్స్‌కు బిగించిన ఆ కంచు పళ్లేలను, లెక్క కోసం కొట్టరు. సన్నటి జల్లులా ఆగకుండా మోగిస్తూ ఉంటారు. సాక్సఫోన్ ఎగసినప్పుడు జల్లు దట్టమవుతుంది, శ్వాస తీసుకున్నప్పుడు పలచబడుతుంది. మర్నాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డ్రమ్స్ ఒక్కదాన్నే పట్టుకుని విన్నాను. మరుసటి రోజు బేస్ ఒక్కటే. నాలుగో రోజుకు ముగ్గురూ ఒకరినొకరు వింటున్న సంగతి వినిపించింది. మీరూ అలాగే చేయండి. మేళం మధ్యలో డోలు ఒక్కదాన్నే చెవితో పట్టుకోవడం మీకు అలవాటే కదా, అదే పని.

ఆలాపనలో కూడా తాళం ఉండదు, అయినా మనకది గోల అనిపించదు. రాగం తెలుసు కాబట్టి స్వరం ఎటు వెళ్తుందో ఎదురుచూస్తాం. ఇక్కడ ఆ రాగం కంచె లేదు. దాని బదులు ఐలర్ ఒక చిన్న పాట ఇస్తారు. 'గోస్ట్స్' అనే ఆ పాట పిల్లలు కూడా పాడుకోగలిగేంత తేలిక. ఆల్బమ్‌లో మొదటి ట్రాకూ చివరి ట్రాకూ అదే పాట, రెండు రకాలుగా. ముందు ఈ రెండే పక్కపక్కన వినండి. ఒకే పల్లవిని ఇద్దరు విద్వాంసులు విడివిడిగా ఎత్తుకున్నప్పుడు మనం పోల్చుకుంటామే, అలా పోల్చుకోండి.

దీన్ని తెచ్చిన కంపెనీ ఈఎస్‌పీ-డిస్క్. బెర్నార్డ్ స్టోల్‌మన్ అనే న్యూయార్క్ న్యాయవాది పెట్టారు. పేరులోని ఆ మూడక్షరాలు దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంటో భాష నుంచి వచ్చినవి, మొదటి రికార్డు కూడా ఆ భాషలోని పాటలే. రెండోది ఐలర్‌ది. ఏం వినిపించాలో కళాకారులదే నిర్ణయమని ఆ కంపెనీ అట్టల మీదే ముద్రించేది. పెద్ద కంపెనీలు ఆ రోజుల్లో ఇలాంటి సంగీతానికి అంత చోటు ఇచ్చేవి కావు. అయితే స్వేచ్ఛ దక్కినంతగా డబ్బు దక్కలేదని ఆ కంపెనీకి వాయించినవాళ్లు పలువురు తర్వాత చెప్పారు. సంగీతకారులే సొంతంగా కంపెనీలు పెట్టుకోవడం ఎందుకు అవసరమైందో ఇక్కడ అర్థమవుతుంది. లండన్‌లో డెరెక్ బెయిలీ, ఎవాన్ పార్కర్, టోనీ ఆక్స్‌లీ 1970లో ఇన్‌కస్ పెట్టారు. బ్రోట్జ్‌మన్ కూడా 'మెషిన్ గన్'ను మొదట తనే అచ్చు వేయించుకున్నారు. ఈ రికార్డుల్లో ఎవరో వెనక నిలబడి "కొంచెం తగ్గించండి" అన్న జాడ ఎక్కడా ఉండదు. నాకు వీటి మీద ఇంత ప్రేమ అందుకే.

రెండో మెట్టుగా అమెరికన్ సాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 'ఫ్రీ జాజ్' అనే ఆల్బమ్ వినండి. 1960 డిసెంబరులో రికార్డయింది, దాదాపు 37 నిమిషాలు. ఇందులోనూ ఎనిమిది మందే, కానీ నలుగురు ఎడమ చెవిలో, నలుగురు కుడి చెవిలో ఉంటారు. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. ఒకసారి ఎడమ వైపు తీసేసి వినండి, తర్వాత కుడి వైపు తీసేయండి. స్పీకరులో గోలగా ఉన్నది రెండు జట్ల సంభాషణగా విడిపోతుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు చాలామంది 'కిన్స్‌మెన్' చెబుతారు. కర్ణాటక సాక్సఫోన్ విద్వాంసుడు కద్రి గోపాల్‌నాథ్, అమెరికన్ జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్ప కలిసి చేసినది, 'పై రికార్డింగ్స్' (Pi Recordings) అనే కంపెనీ 2008లో తెచ్చింది. గొప్ప ఆల్బమ్, తప్పక వినండి. కానీ అందులో రాగమూ తాళమూ చేయి పట్టుకుని నడిపిస్తాయి. మీరు అడిగినది ఆ చేయి వదిలేశాక ఏమవుతుందని.

కొనాలనుకుంటే బ్యాండ్‌క్యాంప్ చూడండి. ఇలాంటి చిన్న కంపెనీలు ఎన్నో అక్కడ ఉన్నాయి, చాలావాటిని కొనకముందే వినవచ్చు. డిజిటల్ అమ్మకాల్లో ఆ సైటు తీసుకునేది 15 శాతం. విదేశాల నుంచి ఎల్‌పీ తెప్పించే ముందు మాత్రం కస్టమ్స్, తపాలా ఖర్చు లెక్క వేసుకోండి. నేను తెప్పించిన ఒక రికార్డు మా ఎండలకు దారిలోనే అప్పడంలా వంగి వచ్చింది.

'గోస్ట్స్' రెండూ విన్నాక మీ చెవి ముందుగా ఎవరి మీద నిలిచిందో ఇక్కడే రాయండి. బేస్ మీద అయితే ఒకటి, డ్రమ్స్ మీద అయితే ఇంకొకటి, తర్వాత వినవలసినది నేను చెబుతాను.