పేపర్ల బల్ల మాత్రం కదిలించొద్దు

చిత్తూరు,
అక్టోబరు 22

పాపా,

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నీ గురించే చెప్పింది. లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరి ఏడాదన్నా నిండలేదు, గ్రంథాలయ వారోత్సవాలకు ఏడు రోజుల కార్యక్రమాలూ నువ్వే నెత్తికెత్తుకున్నావంట. పిలకాయలకు కథలు, ఆడవాళ్ళకు ఒక పూట, పెద్దవాళ్ళకు ఒక పూట, కాలేజీ వాళ్ళకు క్విజ్జు. ముప్పై ఒక్క ఏండ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, మన ఇంటి పిల్ల ఇంకొకతె అదే కుర్చీలో కూర్చుందంటే నాకు ఎట్ల ఉంటుందో నీకు చెప్పాల్నా? పక్కింటి ఆమెకు రెండుసార్లు చెప్పుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ, "రీడింగ్ హాలంతా ఖాళీ చేయించి అక్కడే స్టేజీ వేస్తుందంట అక్కా" అనింది. ఆ మాటతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తా ఉండా.

చిన్న సంగతులు ముందు. నవంబరు 14 బాలల దినోత్సవం, ప్రతి బడిలోనూ వాళ్ళ ఫంక్షన్ ఉంటుంది. పొద్దున పెడితే నీకు ఒక్క పిల్లోడూ రాడు, బడి వదిలినాక పెట్టు. ముఖ్య అతిథి కోసం పిల్లల్ని కాయబెట్టొద్దు, ఆయన వచ్చినప్పుడు వస్తాడు. కథ చెప్పేటప్పుడు మైకు వద్దు, చాప వేసుకుని వాళ్ళ మధ్యలో కూర్చో, అరగంట చాలు. మన పక్క సగం ఇండ్లలో అరవం కలిసిన తెలుగే గదా, వీధిలో అట్లాంటి అవ్వ ఒకామెను పిలిచి ఆమె యాసలోనే కథ చెప్పించు. నువ్వు వారం రోజులు ప్రాక్టీసు చేసినా ఆమెలాగ చెప్పలేవు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పటానికి దండ వేసి "గ్రంథాలయ ఉద్యమ పితామహుడు" అని గంట ఉపన్యాసం ఇప్పిస్తే పిల్లలు నిద్రపోతారు. దానికి బదులు 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరికీ తిప్పిన సంగతి చెప్పు. పడవ అంటే చాలు, చెవులు నిక్కబెట్టుకుని వింటారు.

19న ఇందిరా గాంధీ పుట్టినరోజు కాబట్టి మహిళా దినం అని పెడతారు, పెట్టంగానే ముగ్గుల పోటీ అంటారు. పెట్టు, నేను వద్దనను. కానీ ఆడవాళ్ళు లైబ్రరీకి వచ్చి వాకిట్లోనే ముగ్గేసి, ప్లాస్టిక్ డబ్బా బహుమతిగా తీసుకుని, లోపలికి అడుగు పెట్టకుండానే ఇంటికి పోవడం నేను ఎన్ని ఏండ్లు చూసినానో! ముగ్గు అయినాక ఒక్కొక్కరి చేతిలో ఒక పుస్తకం పెట్టి పంపు, సభ్యత్వం ఫారం అక్కడే నింపించు. ఇంకొకటి, పంచాంగం చూసుకో. కార్తీక సోమవారం సాయంత్రం తిరుపతిలో ఏ ఆడమనిషీ నీ మీటింగుకు రాదు, కపిలతీర్థం పోతుంది. తిరుచానూరు బ్రహ్మోత్సవాలు కూడా కొన్ని ఏండ్లు ఈ వారంలోనే పడతాయి.

ఇంక వాన. దీనికి నేను భయపడినట్టు ఇంకెవరూ భయపడరు, నవ్వుకుంటే నవ్వుకో. ఈశాన్య రుతుపవనాల నెల నడుమ పుస్తకాల పండగ పెట్టుకున్నాము మనం. 2021లో నవంబరు 18, 19 తేదీల్లో, సరిగ్గా ఈ వారంలోనే, తిరుపతి వీధులు ఏరులై పారినాయి గదా. పుస్తక ప్రదర్శన ఆరుబయట షామియానా కింద పెట్టొద్దు. లోపల పెట్టినా నేల మీద పేర్చొద్దు, బీరువాల కింది అరలు ఆ వారం ఖాళీగా ఉంచు. ఎప్పుడన్నా పుస్తకం తడిస్తే ఎండలో పెట్టొద్దు తల్లీ, అట్ట వంకర్లు తిరుగుతుంది. ఆకుల మధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనీ. నున్నటి కాగితం బొమ్మల పుస్తకాలు తడిస్తే మాత్రం ముందు వాటినే పట్టుకో, ఆరేలోపు పుటలు విడదీయకపోతే ఒకదానికొకటి అంటుకుని ఇటుకరాయి అయిపోతుంది.

ఇప్పుడు ఆ రీడింగ్ హాలు సంగతి.

1990ల నడుమ నేను చిత్తూరు బెల్లం మండీకి దగ్గర్లో ఒక శాఖలో ఉన్నాను. సాయంత్రం ఆరు కొట్టేసరికి మండీ హమాలీ ఒకాయన వచ్చేవాడు. యాభై దాటినాయి. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి పోయి, ఆ వయసులో చదువు నేర్చుకున్నాడు. పేపర్ల బల్ల దగ్గర కిటికీ పక్క కుర్చీ ఆయనది. వేలు పెట్టి, పెదవులు కదిలిస్తా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటా చదివేవాడు. గంటలో రెండు వార్తలు అయ్యేవి. చేతులు కడుక్కునే వచ్చేవాడు గానీ గోళ్ళ సందుల్లో బెల్లం పోదు గదా, ఆయన చదివిన పేజీకి మరుసటి పొద్దున చీమలు పట్టేవి. నేను విసుక్కుంటా దులిపేదాన్ని.

ఆ ఏడు వారోత్సవాలకు పెద్ద అధికారి వస్తాడని కబురొచ్చింది. నాకు ముప్పై నాలుగేండ్లు, ఒళ్ళంతా ఉత్సాహం. పేపర్ల బల్లా కుర్చీలూ వెనక గదిలో వేసి తాళం పెట్టించినాను. హాల్లో స్టేజీ, రంగు కాగితాలు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు లైబ్రరీలకు 1931లో ఇచ్చిన ఐదు సూత్రాలు చార్టు మీద నేనే రాసి గోడకు అంటించినాను, "పుస్తకాలు ఉపయోగించడానికే" అని మొదటిది ఎర్ర స్కెచ్‌తో. అదే స్కెచ్‌తో గేటుకు ఇంకో నోటీసు: "వారోత్సవాల సందర్భంగా పఠన మందిరం మూసివేయబడినది."

ఆ సాయంత్రం స్టూలెక్కి తోరణం కడతా ఉండా. గేటు దగ్గర ఆయన గొంతు వినపడింది. "మూ... సి... వే... య..." అని, ఆగి, మళ్ళీ మొదట్నుంచి, "మూసివేయబడినది" అని ఒక్క ఊపులో చదివినాడు. నాకు ఎంత సంబరమైందో! అంత పొడుగు మాట చదివేసినాడే అనుకున్నాను. స్టూలు దిగి బయటికి మాత్రం పోలేదు. చేతిలో తోరణం ఉంది గదా.

అధికారి వచ్చినాడు, ఇరవై నిమిషాలు ఉన్నాడు, పోయినాడు. పండగ అయిపోయింది, బల్ల మళ్ళీ వేసినాము. ఆ హమాలీ రాలేదు. బెల్లం సీజను, పని ఎక్కువేమో అనుకున్నాను. డిసెంబరంతా రాలేదు. పేజీలకు చీమలు పట్టలేదు. సంక్రాంతికి బెల్లం కొనేదానికి మండీకి పోతే అక్కడ దిమ్మలు మోస్తా కనిపించినాడు. "ఏమన్నా, రావడమే మానేసినావు?" అంటే ఆయన, "మూసేసినారు గదమ్మా. నేనే చదివినా" అన్నాడు.

"వారోత్సవాల సందర్భంగా" అన్న పై ముక్క ఆయనకు కొరుకుడు పడలేదు, వదిలేసినాడు. కింద ముక్క చదివినాడు, నమ్మినాడు. అంత కష్టపడి నేర్చుకున్న చదువుతో నమ్మినాడు. నేను ఎంతో చెప్పినాను, మళ్ళీ రమ్మన్నాను. రెండు రోజులు వచ్చినాడు. మూడో రోజు, "కండ్లు ఆనడం లేదులేమ్మా" అని పేపరు మడిచి పెట్టేసి పోయినాడు. కండ్లు కాదని నాకు తెలుసు. రెండు నెలలు వేలు ఆగిపోతే ఆ వయసులో అక్షరాలు మళ్ళీ రావు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడతారు జనం. ఆయన రేకుల ఇంటికీ కట్టినాడు. ఆ డబ్బుతో కొన్న కుర్చీనే నేను వెనక గదిలో వేసి తాళం పెట్టినాను.

మీ హాల్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటారో నాకు తెలీదా? గ్రూప్స్ అనీ కానిస్టేబుల్ అనీ పొద్దున్నే సీటు కోసం బ్యాగు పెట్టుకునే పిల్లలు. రూములో ఆరుగురు ఉంటారు, ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు, అందుకే నీ దగ్గరికి వస్తారు. ఏడు రోజులు మైకు పెట్టి వాళ్ళను యాడికి పొమ్మంటావు? పేపర్లకు వచ్చే రిటైరయిన పెద్దాయన యాడ కూర్చుంటాడు? "అన్ని వయసుల వారికీ" అని కరపత్రం మీద వేసినావంట, వాళ్ళవీ వయసులే గదా. స్టేజీ వరండాలో వేసుకో, చిన్నదైతే ఏం. క్విజ్జు పక్క బడిలో పెట్టుకో, హెడ్‌మాస్టర్ని అడిగితే ఒక గది ఇయ్యకపోడు. లేదంటే హాలు సాయంత్రం గంటన్నర మాత్రం వాడుకో, ఆ సంగతి రెండు రోజుల ముందే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి నోటితో చెప్పు. కోప్పడుతా ఉండానని అనుకోవద్దు. నీ మీద కోపం ఎందుకు, నువ్వు ఇంకా ఏమీ చేయలేదు గదా.

నోటీసు పెట్టాల్సి వస్తే "మూసివేయబడినది" అనే మాట రాయొద్దు. "లోపలికి రండి, పేపర్లు కిటికీ పక్కన ఉన్నాయి" అని పెద్ద అక్షరాలతో రాయి. అంటించే ముందు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెప్తా.

16న పొద్దున బస్సుకు వస్తా. మోకాళ్ళ సంగతి మీ అమ్మతో అనొద్దు, రానీదు. స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పేవు, ఊరుకోను. పేపర్ల బల్ల దగ్గర ఒక కుర్చీ ఉంచు చాలు. చెక్కిలాలు చేసుకొస్తా, ఆ కానిస్టేబుల్ పిల్లలకు కూడా సరిపోయేటట్టు.

మీ పెద్దమ్మ