ఆపరేషన్ చేయించుకోలేదు, అడ్వాన్సు తిరిగివ్వనంటున్నారు

సందేహం: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. మామిడి తోటే ఆధారం. మా అమ్మకు 58 ఏళ్లు. కడుపు ఉబ్బరంగా ఉందంటే స్కాన్ తీయించాం. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించాం. ఓపీ ఫీజు 700 రూపాయలు. లోపల ఉన్నది నాలుగైదు నిమిషాలు. పొట్ట తాకి కూడా చూడలేదు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. చేయించుకోకపోతే ఏమవుతుంది సార్ అని అమ్మ అడిగితే ‘అన్నీ నీకు చెప్పుకుంటూ కూర్చోవాలా’ అని కసిరారు. భయపడి కౌంటర్లో 20 వేలు కట్టాం. రసీదు ఇవ్వలేదు, తెల్లకాగితం మీద అంకె రాసి సంతకం పెట్టారు. స్కాన్ ఫిల్ములు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. తర్వాత చిత్తూరులో మరో సర్జన్ రిపోర్టు చూసి, నొప్పి లేకపోతే ఇప్పుడే తొందర లేదు, చూద్దాం అన్నారు. అడ్వాన్సు అడిగితే ఇవ్వరంట. ఆ డాక్టరు మీద నిర్లక్ష్యం కేసు వేయవచ్చా?

సమాధానం: ముందు మీ అమ్మగారి ప్రశ్న గురించి. కోసేది తన కడుపు. చేయించుకోకపోతే ఏమవుతుందని అడగడం ఆమె హక్కు. ఆపరేషన్ ఎందుకు, వేరే దారి ఉందా, ప్రమాదమేమిటి, వద్దనుకుంటే ఏమవుతుంది... ఇవన్నీ తెలిసి ఒప్పుకుంటేనే అది ఒప్పుదల అని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆమెను కసిరిన తీరు చదివి నాకూ బాధ కలిగింది.

అయినా నిర్లక్ష్యం కేసు వేయమని మీకు చెప్పను. ఆపరేషన్ జరగలేదు, ఒంటికి హాని కలగలేదు. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పినంత మాత్రాన మొదటివారిది నిర్లక్ష్యం అయిపోదని 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు నుంచీ కోర్టులు చెబుతూనే ఉన్నాయి. పైగా వైద్యంలో తప్పు జరిగిందని నిరూపించాలంటే సాధారణంగా ఇంకో నిపుణుడి అభిప్రాయం కావాలి. చిత్తూరు సర్జన్ మీకు మంచి మాట చెప్పారు సరే, సాక్ష్యమిస్తారా? ఆ దారిలో వెళితే అసలు గట్టిగా ఉన్న విషయం పక్కకు పోతుంది.

గట్టి విషయం డబ్బు, కాగితాలు. చేయని ఆపరేషన్‌కు 20 వేలు ఉంచుకోవడానికి ఆసుపత్రి కారణం చూపాలి. అడ్వాన్సు తిరిగివ్వం అనే షరతు మీద మీరు సంతకం పెట్టారేమో గుర్తుతెచ్చుకోండి. పెట్టి ఉంటే నోటీసుకు ముందే ఆ కాగితం ఎవరైనా లాయరుకు చూపించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు డబ్బు తీసుకుని బిల్లో రసీదో ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. తెలియజేయాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపం. అమ్మగారు అడిగినదానికి జవాబు రాలేదన్నది ఇక్కడ పనికొస్తుంది, నిర్లక్ష్యం కింద కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే వి.పి.శాంత కేసులో తేలిపోయింది. కాబట్టి మా మీద అక్కడ కేసు చెల్లదు అని ఎవరన్నా బెదరకండి.

రేపే చేయాల్సిన పని ఒకటుంది. ఓపీ కాగితం, స్కాన్ ఫిల్ములు, మీ అమ్మగారి పేరున వాళ్లు రాసుకున్నవన్నీ ఇవ్వాలని అమ్మగారి సంతకంతో ఒక అర్జీ రాసి స్పీడ్ పోస్టులో పంపండి. నేరుగా ఇస్తే నకలు మీద ముద్ర వేయించుకోండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులు మూడేళ్లు దాచాలన్న నియమం మాత్రం ఆసుపత్రిలో చేరినవారి గురించే చెబుతుంది, మీది ఓపీ. అందుకే ఆలస్యం వద్దంటున్నాను. ఆ తెల్లకాగితం చీటీని ఇప్పుడే ఫొటో తీసి అసలుది బీరువాలో పెట్టండి. డబ్బు ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ వివరాలు చీటీ కన్నా మేలు.

తర్వాత అడ్వాన్సు తిరిగి ఇవ్వండి అంటూ 15 రోజుల గడువుతో నోటీసు. లాయరే పంపాలని లేదు. అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆసుపత్రిని, సర్జన్‌ను ఇద్దరినీ చేర్చి ఫిర్యాదు చేయండి. ఆసుపత్రి తిరుపతిలో ఉందని అక్కడికే తిరగనక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటా వేయవచ్చు కనుక చిత్తూరు మీకు దగ్గర. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, వినియోగదారుల ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. అవతలివాళ్లు కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వవచ్చు, అంతకుమించి లేదు. రికార్డులు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది.

అడ్వాన్సు, వడ్డీ, ఖర్చులు, మనోవేదనకు కొంత అడగండి. లక్షల్లో అడిగితే ఫిర్యాదు బలం తగ్గుతుంది. 700 ఫీజు కోసం పట్టుపట్టవద్దు, కొద్దిసేపైనా చూశారు కదా. రికార్డులు ఇవ్వకపోతే విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు విడిగా రాయవచ్చు. అక్కడ డాక్టరు మీద క్రమశిక్షణ చర్యే ఉంటుంది, డబ్బు రాదు.

ఈ కాగితాల గొడవలో అమ్మగారి ఆరోగ్యం మరవకండి. చిత్తూరు సర్జన్ చెప్పిన రోజుకు మళ్లీ చూపించండి. ఈలోగా కుడివైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి, చలిజ్వరం, కళ్లు పచ్చబడటం వీటిలో ఏది కనిపించినా అడ్వాన్సు సంగతి పక్కనపెట్టి అదే రోజు దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.