చిన్న నాటక సమాజానికి నటుల ఎంపిక: ఒక్క ఏకపాత్ర చూసి నిర్ణయించవచ్చా?

మీ సమాజం వచ్చే సీజన్‌లో మూడు నాటకాలు వేయబోతోందనీ, వచ్చిన ప్రతి ఒక్కరి చేతా రెండు నిమిషాల ఏకపాత్ర చేయించి నటులను ఎంచుకుంటే సరిపోతుందా అనీ అడిగారు. పన్నెండేళ్లుగా ఒక చిన్న సమాజంలో దర్శకత్వం చేస్తూ, ఏటా ఆడిషన్లు జరుపుతున్న అనుభవంతో చెబుతున్నాను, సరిపోదు. ఏకపాత్రను పరిచయం కోసం ఉంచుకోండి. ఆ నటుడు మరొకరితో కలిసి సన్నివేశం చదివినప్పుడు, మీరు ఒక సూచన ఇచ్చి మళ్లీ చేయమన్నప్పుడు ఏం జరిగిందో చూశాకే నిర్ణయానికి రండి.

ఈ విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఒక ఏడాది ఒక యువకుడు వచ్చి, చివరి వరుస దాకా స్పష్టంగా వినిపించే గొంతుతో, ఎక్కడా తడబడకుండా ఏకపాత్ర చేసి చూపించాడు. మేము అక్కడికక్కడే ప్రధాన పాత్ర ఇచ్చేశాం. రిహార్సల్స్ మొదలయ్యాక ఆరు వారాల పాటు అతని ప్రతి మాటా అదే ఎత్తున లేచి అదే చోట దిగేది. ఎదుటి నటి ఒకరోజు కోపంగా అన్నా, మరొకరోజు ఏడుపు ఆపుకుంటూ అన్నా, ఆమె మాట పూర్తయ్యే వరకు ఆగి, తాను ఇంట్లో సిద్ధం చేసుకున్న జవాబునే చెప్పేవాడు. తప్పు అతనిది కాదు. అతను మాకు చూపించింది అదే, మేము మెచ్చుకున్నదీ అదే. మారగలడా అని మేము ఒక్కసారైనా పరీక్షించలేదు.

తరువాత మరో ఏడాది ఒకామె ఏకపాత్ర మధ్యలో మాటలు మరిచిపోయి ఆగిపోయారు. అయినా సన్నివేశం చదివించాం. తమ్ముడు ఇల్లు అమ్మేశానని అక్కకు చెప్పే ఘట్టం అది. చదువుతున్నంతసేపూ ఆమె బొటనవేలు స్క్రిప్టు కాగితం అంచును మడుస్తూనే ఉంది. "అమ్మేశాను" అన్న మాట వినగానే ఆ వేలు ఆగిపోయింది. ఆమె అతని వైపు కాకుండా గోడ వైపు చూసి, కొంతసేపటికి "ఎప్పుడు?" అని అడిగారు. నేను ఒకే ఒక్క మార్పు చెప్పాను: "ఈ సంగతి మీకు ముందే తెలుసు, తమ్ముడు తనంతట తాను చెబుతాడా లేదా అని చూస్తున్నారు." రెండోసారి ఆమె మొదటి నుంచీ అతని ముఖం మీదే కళ్లు నిలిపి, అదే "ఎప్పుడు?"ను, అతని బరువు దించుతున్నట్టు మెల్లగా అడిగారు. ఆ సీజన్‌లో రెండు నాటకాలలో ఆమెకు పాత్రలిచ్చాం. అభినయాన్ని ఆంగికం (శరీర కదలికలు), వాచికం (మాట), ఆహార్యం (వేషధారణ), సాత్త్వికం (లోపలి భావం బయటపడడం) అని నాలుగుగా విభజించిన నాట్యశాస్త్రం ప్రకారం చూస్తే, ఏకపాత్రలో మనకు ముఖ్యంగా తెలిసేది మొదటి రెండింటిలో సాధన ఎంత ఉందన్నదే. నాలుగోది నాకు ఎక్కువగా కనిపించింది నటుడు మాట్లాడుతున్నప్పుడు కాదు, వింటున్నప్పుడు.

కాబట్టి సన్నివేశాన్ని రెండు మూడు రోజుల ముందే అందరికీ పంపండి. అప్పటికప్పుడు చేతికిచ్చి చదివిస్తే తెలిసేది చదివే వేగమే. అక్షరాలతో ఇబ్బంది పడే మంచి నటులు చాలామంది ఉంటారు. ఎదురుగా చదవడానికి సమర్థుడైన నటుడిని కూర్చోబెట్టండి, ఆ పని దర్శకుడు చేయకూడదు. కళ్లు కాగితం మీద ఉంటే ఎదుటి మనిషిని చూడలేరు. ఒకరికి పది నిమిషాల చొప్పున, మధ్యలో రెండు మూడు నిమిషాల ఖాళీతో గంటకు ఐదుగురి కంటే ఎక్కువమందిని పిలవకండి. ఎంపిక చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోక ముందే ఎవరి అభిప్రాయం వారు రాసుకోవాలి. ఒక్కరు పెదవి విరిచినా మిగతావారి చూపు మారిపోతుంది. పాత్రలో చెంపదెబ్బ, ఆలింగనం లాంటివి ఉంటే ముందే తెలియజేయండి, ఆడిషన్‌లో మాత్రం వాటిని చేయించకండి. ఎవరినీ ఒక్కరి ఎదుటికి ఒంటరిగా రమ్మనకండి.

మీది ఒక్క నాటకం కాదు, సీజన్ మొత్తం. అందుకే పాత్రకొక మనిషిని వెతకడం కంటే మూడు నాటకాలనూ మోయగల బృందాన్ని కూర్చడం ముఖ్యం. 1897లో రష్యా నాటక దర్శకులు స్టానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్-డాంచెంకో కొత్త రంగస్థలం గురించి పద్దెనిమిది గంటల పాటు మాట్లాడుకున్నప్పుడు నటులను పేరు పేరునా చర్చించారు. ప్రతిభ ఉందని ఒప్పుకుంటూనే కొందరిని బృందంలోకి వద్దనుకున్నారు. మరుసటి ఏడాది మొదలైన మాస్కో ఆర్ట్ థియేటర్ అలా ఏర్చి కూర్చిన బృందం. మీరూ ఒక పెద్ద కాగితం మీద మూడు నాటకాల పాత్రలను పక్కపక్కనే రాసి, ఎవరు ఎక్కడెక్కడ వస్తారో నింపి చూడండి. మొదటి నాటకం ప్రదర్శనలు సాగుతుండగానే రెండోదాని రిహార్సల్స్ మొదలవుతాయి కాబట్టి, రెండింటిలోనూ పెద్ద పాత్ర పడిన నటుడు ఎక్కడ అలసిపోతాడో ఆ కాగితంలోనే తెలిసిపోతుంది. ఏ తేదీల్లో రాలేరన్నది దరఖాస్తులోనే అడగండి, పారితోషికం ఇవ్వలేకపోతే ఆ సంగతీ అందులోనే రాయండి.

రెండో విడతకు పిలిచినవారిని విడివిడిగా కాక జతలుగా మార్చి మార్చి చదివించండి. అన్నాచెల్లెళ్లుగా నప్పనివారు భార్యాభర్తలుగా నప్పడం, ఒకరి పక్కన వెలవెలబోయిన నటి మరొకరి పక్కన తేరుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఫలితం ఏ రోజు చెబుతారో ముందే ప్రకటించి, ఆ రోజుకల్లా ఎంపిక కానివారికి కూడా జవాబు పంపండి. అందులో వారు చేసినదాంట్లో మీకు గుర్తుండిపోయిన ఒక్క క్షణాన్నయినా ప్రస్తావించండి. అలాంటి జవాబు అందుకున్న ఒకాయన మూడేళ్ల తరువాత మళ్లీ వచ్చారు, ఇప్పుడు మా ప్రతి నాటకంలోనూ ఉన్నారు.