వైజాగ్ బీచ్‌లో పెళ్ళి వీడియోకి ఎంత అవుతుంది? ముందు పంతులుగారిని అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఫిబ్రవరిలో మీ చెల్లెలి పెళ్ళి, వైజాగ్‌లో సముద్రం పక్కన రిసార్టు, 150 మంది జనం. వీడియో, ఫొటోలకు ఎంత పెట్టుకోవాలి, హైదరాబాద్ టీమ్‌ని తీసుకెళ్ళాలా అక్కడివాళ్ళనే మాట్లాడుకోవాలా, డ్రోన్ అవసరమా? 2023 మాఘమాసంలో మా చెల్లి పెళ్ళి అచ్చం ఇలాగే చేశాం. మేముండేది కూకట్‌పల్లి, మగపెళ్ళివారిది గాజువాక. ఖర్చులన్నీ రాసుకున్న డైరీ ఇంకా నా దగ్గరే ఉంది, అంకెలు చెప్తాను. ముందు పంతులుగారి సంగతి చెప్పాలి, ఎందుకంటే మా డబ్బు జారిపోవడం అక్కడ మొదలైంది.

వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంటుంది. పీటల మీద అమ్మాయీ అబ్బాయీ పక్కపక్కన కూర్చునేది తూర్పు ముఖంగా. ఈ రెండు ముక్కలూ మా ఇంట్లో అందరికీ తెలుసు. రెండూ కలిపి ఒక్కరం కూడా ఆలోచించలేదు. డెకరేషన్ వాళ్ళు మండపం వెనక అలలు కనబడాలని పీటలు పడమర ముఖంగా వేశారు. వీడియో వాళ్ళు పొద్దున్నే వచ్చి, ఆహా అనుకుని, దానికి తగ్గట్టు కెమెరాల చోట్లు గుర్తు పెట్టుకున్నారు. సాయంత్రం నాలుగింటికి పంతులుగారు వచ్చారు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మండపం చుట్టూ ఓసారి తిరిగి, "తూర్పెటు నాయనా?" అన్నారు. సముద్రం వైపు చూపించాను. "మరి పీటలిలా వేశారేంటి?" అన్నారు. ఇంక మాటల్లేవు.

మొత్తం తిప్పారు. తిప్పాక పీటల వెనక ఏం కనబడిందంటే రిసార్టు వంటగది గోడ, నాలుగు ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, ఒక నీళ్ళ ట్యాంకు. వాటిని కప్పడానికి అప్పటికప్పుడు బంతిపూల పరదా కట్టించాం, 18 వేలు. సముద్రం కోసమని అంత దూరం వెళ్ళి, ముహూర్తం వీడియోలో ఒక్క అల కూడా లేకుండా ఇంటికొచ్చాం. మహాబలిపురం, పుదుచ్చేరి, సూర్యలంక, తూర్పు తీరంలో ఎక్కడైనా ఇదే లెక్క. గోవాలో దీనికి తిరగేసి. అక్కడ సముద్రం పడమర కాబట్టి తూర్పు ముఖంగా కూర్చుంటే అలలు వీపు వెనక వస్తాయి. కాకపోతే సాయంత్రం ముహూర్తమైతే సూర్యుడు కూడా వీపు వెనకే ఉంటాడు, లైట్లు సరిపడా లేకపోతే మొహాలు నల్లగా పడతాయి.

పంతులుగారిని అడగాల్సిన రెండోది టైము. మాది రాత్రి 11.52 ముహూర్తం. రాత్రి పూట సముద్రం కెమెరాకి నల్లటి గోడ. లైటు ఎంత వేసినా ఒడ్డున నురగ గీత ఒక్కటి కనబడుతుంది. మీదీ రాత్రి ముహూర్తమే అయితే బీచ్ కోసం పెట్టే డబ్బు పగటి కార్యక్రమాల మీద పెట్టండి: మంగళస్నానాలు, ఎదురుకోళ్ళు, తెల్లవారుజామున ఇద్దరి ఫొటోలు. ముహూర్తానికి మామూలు హాల్లో తీసే టీమ్ సరిపోతుంది.

తెల్లవారుజాము అని ఎందుకన్నానంటే, మా టీమ్ అబ్బాయి హైదరాబాద్ అలవాటు కొద్దీ పెళ్ళికి ముందురోజు ఇద్దరి షూట్ సాయంత్రం 5.45కి పెట్టాడు. అదేదో బంగారు వెలుగు అట. హైదరాబాద్ కంటే వైజాగ్‌లో పొద్దు దాదాపు 20 నిమిషాలు ముందే గుంకుతుంది, దానికి తోడు అక్కడ పడమర వైపు కొండలు. మేకప్ అయ్యి చెల్లి ఇసుకలోకి దిగేసరికి సూర్యుడు కొండ దాటేశాడు. పట్టుచీర రంగే తేలలేదు. మా బావ, అదే పెళ్ళికొడుకు, "రేపు పొద్దున చూసుకుందాంలే బావా" అన్నాడు, పాపం మంచివాడు. మర్నాడు ఐదింటికే లేచి ఆరింటికి ఒడ్డుకెళ్ళారు. ఫిబ్రవరిలో అక్కడ ఆరూ ఇరవై ప్రాంతంలో సూర్యోదయం. ఆల్బమ్‌లో చూపించుకునేలా ఉన్న ఫొటోలన్నీ ఆ నలభై నిమిషాలవే. గాలి కూడా ఆ టైములో తక్కువ. మధ్యాహ్నం నేల వేడెక్కాక సముద్రం మీంచి గాలి మొదలైతే చీర కొంగూ జడా ఆగవు. ఒకటి గుర్తుంచుకోండి, ఈ షూట్ పెళ్ళికి ముందురోజు పొద్దునే పెట్టుకోవాలి. రాత్రంతా పీటల మీద కూర్చున్న పిల్లని తెల్లారి ఇసుకలో నిలబెడితే మొహంలో నిద్ర తప్ప ఇంకేం ఉండదు.

ఇక డబ్బు. మా టీమ్ చెప్పిన ప్యాకేజీ 2,40,000. రెండు రోజులు, ట్రెడిషనల్ (తంతు మొత్తం వరసగా తీసే) వీడియో ఒకరు, ట్రెడిషనల్ ఫొటో ఒకరు, క్యాండిడ్ (పోజులు లేకుండా సహజంగా తీసే ఫొటోలు) ఒకరు, సినిమాటిక్ (సినిమాలా తీసే వీడియో) ఒకరు, డ్రోన్ అబ్బాయి, ఒక హెల్పరు. రెండు ఆల్బమ్‌లు, టీజరు, హైలైట్స్, మూడు గంటల ఫుల్ వీడియో. హైదరాబాద్‌లో నేను అడిగిన మిగతావాళ్ళ కంటే తక్కువని మురిసిపోయాను. ఆ కాగితం మీద లేనివి ఇవీ: ఆరుగురికి రానూపోనూ రైలు 14,000. మూడు గదులు మూడు రాత్రులు, 22,500. సామాన్లతో తిరగడానికి బండి మూడు రోజులు, 10,500. వాళ్ళ ఒప్పందం రాత్రి పదింటివరకే. 11.52 ముహూర్తానికి పదింటికి కెమెరాలు ఎలా కట్టేస్తారో నేనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. తెల్లవారి నాలుగింటివరకు ఆరు గంటలు, గంటకు 4,000 చొప్పున 24,000. 18 శాతం జీఎస్టీ విడిగా, 43,200. బిల్లు వద్దంటే జీఎస్టీ ఉండదని కన్ను గీటారు, కానీ ఆల్బమ్ రాకపోతే చేతిలో పట్టుకు తిరగడానికి ఆ బిల్లే దిక్కు, అందుకే కట్టాను. హార్డ్ డిస్కులు రెండు, 11,000. వెరసి 1,25,200 పైన పడింది. 3,65,200 అయింది. పరదా దీంట్లో కలపలేదు.

హార్డ్ డిస్కు ఎందుకు రెండు అని మా నాన్న కూడా అడిగారు. 4కె వీడియో మామూలు క్వాలిటీలో తీసినా గంటకు 45 జీబీ దాకా తింటుంది. మూడు కెమెరాలు ఎనిమిది గంటలు తిరిగితే ఒక టీబీ దాటుతుంది. ఆ రాత్రే రెండు చోట్లకు కాపీ చేసి, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మీ పెట్టెలో వేర్వేరు బళ్ళలో రావాలి. ఇందులో పిసినారితనం వద్దు.

ఇప్పుడైతే నేను ఇలా చేస్తాను. క్యాండిడ్, సినిమాటిక్ ఇద్దరినీ ఇక్కణ్ణుంచి తీసుకెళ్తాను, ఎందుకంటే ఎడిటింగ్ చివరిదాకా ఎదురుగా కూర్చుని చేయించుకోవాలి. ట్రెడిషనల్ వీడియో, ఫొటో, ఎల్ఈడీ స్క్రీను, యూట్యూబ్ లైవ్ అన్నీ వైజాగ్ వాళ్ళకే. రైలు టికెట్లూ గదులూ సగానికి పైగా తగ్గుతాయి. పైగా పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు, ఏ పూట ఎంత ఇసుక మిగులుతుందో వాళ్ళకి తెలుసు. మేం సాయంత్రం వేసిన కుర్చీల మొదటి వరస రాత్రికి తడిసింది. మీ ముహూర్తం పౌర్ణమికో అమావాస్యకో దగ్గరైతే నీళ్ళు ఇంకా పైకి వస్తాయి, ట్రైపాడ్లు ఎక్కడ పెట్టాలో స్థానికుణ్ణే అడగండి.

ఇంకో తలనొప్పి ఉంది. మగపెళ్ళివారు తమ ఫొటోగ్రాఫర్ని తెచ్చుకుంటారు. తెచ్చుకోవాలి కూడా, లేకపోతే "మా వైపు వాళ్ళని ఒక్క ఫొటో తీయలేదు" అనే మాట పదేళ్ళు వినాలి. హాల్లో అయితే ఎలాగో సర్దుకుంటారు. మండపం తిప్పాక మాకు మిగిలిన చోటు ఆరడుగుల ఇసుక. అక్కడ రెండు టీమ్‌లు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో గాలికి అడ్డతెర ఎగిరి మా కెమెరాకి సరిగ్గా చెల్లి మొహం మీద పడింది. వాళ్ళ కెమెరామన్ దాన్ని లాగబోయి మా వాడికి అడ్డం నిలబడ్డాడు. మా ఫుల్ వీడియోలో లగ్నం అంటే ఒక తెల్లటి గుడ్డ, ఒక నల్లచొక్కా వీపు. చివరికి మగపెళ్ళివారి టీమ్ నుంచి ఆ పది నిమిషాల ఫుటేజీ అడిగి తెచ్చి అతికించారు. ముందే ఇద్దరినీ ఫోన్లో కలిపి మాట్లాడించండి. ఎవరు ఏ వైపు నిలబడాలి, ముహూర్తం ఫుటేజీ ఇద్దరూ పంచుకుంటారా అన్నది తేల్చండి. అడ్డతెర అంచుల్లో చిన్న కర్రలు కుట్టిస్తే ఎగరదు. ఇది మా మేనత్త ఐడియా, పెళ్ళయ్యాక చెప్పింది.

డ్రోన్ సంగతి సూటిగా చెప్తాను, వైజాగ్‌లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. తూర్పు నౌకాదళం కేంద్రం ఆ ఊరే, నేవీ విమాన స్థావరం కూడా అక్కడే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో ఎగరేయాలంటే కేంద్రం అనుమతి కావాలి, ఎల్లో జోన్‌లో ఏటీసీ (విమానాల రాకపోకలు చూసేవాళ్ళు) అనుమతి. మీ రిసార్టు ఏ జోన్‌లో పడుతుందో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు మ్యాప్‌లో చూసుకోవచ్చు. "250 గ్రాముల లోపు డ్రోన్‌కి లైసెన్సు అక్కర్లేదు సార్" అని మా వాడు ధైర్యం చెప్పాడు. పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేని మాట నిజమే, జోన్ మాత్రం దానికీ వర్తిస్తుంది. మా రిసార్టు మేనేజరు డ్రోన్ పెట్టె తెరవనివ్వలేదు. డ్రోన్ అబ్బాయి రెండు రోజులు మా ఖర్చుతో రొయ్యల వేపుడు తిని వెళ్ళాడు. తీసుకెళ్ళాలనే ఉంటే, అనుమతి తెచ్చే బాధ్యత వాళ్ళదని, ఎగరకపోతే ఆ డబ్బు తగ్గించాలని కాగితం మీద రాయించుకోండి.

డ్రోన్‌కి ఇచ్చే డబ్బు సౌండుకి పెట్టండి. ఇది నేను బాధతో చెప్తున్న మాట. అప్పగింతలప్పుడు మా నాన్న చెల్లి చెయ్యి వాళ్ళత్తగారి చేతిలో పెట్టి రెండు నిమిషాలు మాట్లాడారు. జీవితంలో అంతసేపు ఆయన మాట్లాడింది నేను చూళ్ళేదు. వీడియోలో ఆయన పెదాలు కదులుతుంటాయి, వినబడేదంతా గాలి. కెమెరా మీది మైకుకి బొచ్చు తొడుగు కూడా లేదు. మంత్రాలు మాత్రం దక్కాయి, అదీ అదృష్టం కొద్దీ. సౌండ్ సిస్టమ్ కుర్రాడు తన మిక్సర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి పంతులుగారి మైకు రికార్డు చేసుకున్నాడట, 1,500 ఇస్తే ఆ ఫైలు ఇచ్చాడు. మీరు ముందే అడిగి పెట్టించండి. మంత్రాలకి ఆ మైకు సరిపోతుంది. అప్పగింతలకి మాత్రం మీ నాన్నగారి చొక్కాకి తొడుగు వేసిన కాలర్ మైకు విడిగా పెట్టించండి. పెళ్ళికొడుకు దండలో దాచొద్దు, పూలు రాసుకుని గరగర తప్ప ఏమీ రాదు.

చిన్నవి కొన్ని. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టి అరగంట పనికిరాదు, బ్యాగులోనే ఉంచి ముందుగా బయట పెట్టమనండి. ఉప్పు తుంపర్లకి గంటకోసారి లెన్సు తుడవాలి. మీది ఫిబ్రవరి కాబట్టి తుఫాను భయం తక్కువే. కార్తీకంలో పెట్టుకునేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టింది 2014 అక్టోబరు 12న, మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. తేదీ మారితే అడ్వాన్సు ఏమవుతుందో ముందే అడగండి.

అడ్వాన్సు అంటే గుర్తొచ్చింది, పెళ్ళిరోజుకల్లా మొత్తం ఇచ్చేయకండి. నేను పది శాతమే మిగిల్చాను. ఆల్బమ్ చెల్లి సీమంతానికి వచ్చింది. పావు వంతు ఆపి, ఫలానా తారీఖుకి వీడియో చేతికొచ్చాకే ఇస్తామని రాసుకోండి.

మీ 150 మందికి, రెండు రోజులకి, నేను చెప్పినట్టు రెండు ఊళ్ళ టీమ్‌లు కలిపితే జీఎస్టీతో సహా మూడు లక్షల చుట్టుపక్కల తేలాలి. నా డైరీ రేట్లు 2023వి, ఇప్పుడు కొంత పెరిగి ఉంటాయి కాబట్టి ఇంకో 40 వేలు చేతిలో ఉంచుకోండి. రాత్రి ముహూర్తమైతే అదనపు గంటలు మొదట్లోనే ప్యాకేజీలో కలిపి మాట్లాడండి, తర్వాత అడిగితే బేరం ఉండదు. ముహూర్తం పగలో రాత్రో మీ ప్రశ్నలో లేదు. పంతులుగారు టైము చెప్పాక, రిసార్టులో మండపం ఎటు ముఖంగా వేస్తారో కూడా కనుక్కుని కింద కామెంట్‌లో రాయండి. మీరు మాట్లాడుకున్న కొటేషన్ కూడా పెడితే దాని మీద లేనివేంటో చూసి చెప్తాను.