న్యూజెర్సీలో చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌ను నడిపేదెవరు? డబ్బు ఎక్కడిది?

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఊళ్లోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ. చాలా ఊళ్లలో దాని పెత్తనం ఎన్నికైన స్కూల్ బోర్డుదే. ఎక్కువ చోట్ల 9 మంది సభ్యులు, మూడేళ్ల పదవి, జీతం ఉండదు. వాళ్లు సూపరింటెండెంట్‌ను నియమిస్తారు, బడ్జెట్ ఆమోదిస్తారు. రోజువారీ పాలన సూపరింటెండెంట్‌ది, లెక్కలు బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌వి.

చిన్న డిస్ట్రిక్టుల్లో డబ్బులో పెద్ద వాటా సాధారణంగా ఇంటి పన్ను నుంచే వస్తుంది. మున్సిపాలిటీ ఏడాదికి నాలుగు విడతల్లో వసూలు చేసి బోర్డుకు ఇస్తుంది. మిగతాది రాష్ట్ర సాయం, కొద్దిగా ఫెడరల్ నిధులు. ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది.

ఇబ్బందంతా ఇక్కడే. పన్ను వసూలును ఏటా 2 శాతానికి మించి పెంచకూడదు. ఆరోగ్య బీమా, పింఛను లాంటి కొన్నిటికే సడలింపు. మించాలంటే ఓటర్లను అడగాలి. ఖర్చులు మాత్రం ఆ లెక్కన ఆగవు. ప్రత్యేక అవసరాలున్న ఒక్క బిడ్డను బయటి స్కూలుకు పంపాల్సి వస్తే ఫీజు, రవాణా డిస్ట్రిక్టే భరించాలి. రాష్ట్రం కొంతే తిరిగిస్తుంది. చిన్న బడ్జెట్‌లో అది ఒక టీచరు ఉద్యోగాన్ని మింగేయగలదు. ఆ నింద బిడ్డ మీద వేయడం అన్యాయం, ఆ చదువు బిడ్డకు చట్టం ఇచ్చిన హక్కు. పైగా ఎనిమిదో తరగతి వరకే ఉన్న డిస్ట్రిక్టు పక్క ఊరి హైస్కూలుకు పిల్లలను పంపితే, తలకింత అని ట్యూషన్ కట్టాలి.

హెచ్-1బీ మీద ఉన్నవారికి ఓటు లేదు. కానీ బోర్డు సమావేశంలో ఎవరైనా మాట్లాడొచ్చు. ఏప్రిల్ చివర లేదా మే మొదట్లో, బడ్జెట్ మీద జనం మాట వినేందుకు జరిగే బహిరంగ సమావేశానికి తప్పక వెళ్లండి. ముందుగా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో బడ్జెట్ సారాంశం తెరిచి, మిగులు నిధి ఏటేటా తగ్గుతోందా అని చూడండి. తగ్గుతుంటే కోతలు దగ్గర్లో ఉన్నట్టే.